చిక్కు తీసే చేతులు

జుట్టు విషయంలో తెలుగుకు ‘చిక్కు తీయడం’ తెలుసు, ‘వంపు తీయడం’ తెలియదు. చిక్కు ఇబ్బంది కాబట్టి తీసేయాల్సిందే. వంపును మాత్రం ఎవరూ లోపంగా చూడలేదు. మెలి తిరిగిన వెంట్రుకలకు మనం పెట్టుకున్న పేరు ఉంగరాల జుట్టు, అంటే నగ పేరు. నుదుటి మీదికి జారిన ముంగురులను మన కావ్యకర్తలు తుమ్మెదల బారుతో పోల్చి మురిసిపోయారు. అలాంటి చోట, హైదరాబాద్ పాతబస్తీలో, పెళ్లి కుదిరిన ఇంట్లో ఇప్పుడో ప్రశ్న వినిపిస్తుంది: మందు పెట్టకుండా జుట్టు సాపు చేసే మంచి చెయ్యి ఎక్కడుంది?

ప్రశ్న ఈ తరానిది. అది కోరుతున్న పనితనానికి మాత్రం ఊరికున్నంత వయసుంది.

1591లో చార్మినార్ లేచింది. ఆ వెనకే, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుల్ షిఫా ఆసుపత్రిని కట్టించాడు. యునాని వైద్యం ఈ ఊళ్లో అప్పుడు వేసిన వేరు, చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రి రూపంలో నేటికీ నిలిచి ఉంది. ఆ సంప్రదాయం ఇళ్లలోకి తెచ్చినవి రోగన్ బాదం, రోగన్ ఆమ్లా వంటి తలనూనెలు. తెలుగు ఇళ్లలో ఆముదం, నువ్వుల నూనె ఉండనే ఉన్నాయి. కుంకుడు రసంలోని నురుగు మురికిని విడదీస్తుంది. నూరిన మందారాకు జిగురు వెంట్రుక మీద పొరలా పట్టి, దువ్వెన జారేలా చేస్తుంది. నూనె రాపిడిని తగ్గిస్తుంది. ఇవేవీ వంపును తీయవు. వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య తగవు తీరుస్తాయి, అంతే. పాతకాలపు అమ్మమ్మలకు కావలసిందీ అదే.

తలంటు తర్వాతి ఘట్టం సాంబ్రాణి. బోర్లించిన వెదురు బుట్ట కింద నిప్పుల కుంపటి, పైన పరిచిన తడి జుట్టు. ఈ అలవాటు ఎంత పాతదంటే, కాళిదాసు మేఘసందేశంలో ఉజ్జయిని కిటికీల్లోంచి వెలువడే కేశధూపంతో మేఘుడు ఒళ్లు చేస్తాడు. పొగ వాసన కోసమే అనుకుంటాం గానీ, ఆ బుట్ట మీద ఇంకో పని కూడా జరిగేది. తడిసిన వెంట్రుక ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారాన్నే కాసేపు నిలుపుకుంటుంది. పరిచి, వేళ్లతో లాగుతూ ఆరబెడితే సాపుగా నిలుస్తుంది. తడి ఉండగానే జడ వేస్తే విప్పాక అలలు తేలుతాయి. ఇంట్లో ఆడవాళ్లకు ఈ సూత్రం పుస్తకం చదవకుండానే తెలుసు.

పాతబస్తీలో ఈ పనితనానికి ఒక వృత్తి పేరు కూడా ఉంది: మషాతా. అరబీలో దువ్వెనకున్న మాట నుంచి పుట్టింది. పెళ్లికూతురి తల దువ్వి, అలంకరించే స్త్రీ అని అసలు అర్థం. పరదా పాటించే ఇళ్లలో లోపలి గది దాకా వెళ్లగల మనిషి కాబట్టి, ఏ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందో ఆమెకే ముందు తెలిసేది. క్రమంగా ఆ మాటకు పెళ్లిసంబంధాలు కుదిర్చే స్త్రీ అన్న అర్థం వచ్చి చేరింది. హైదరాబాద్‌లో ఇప్పుడు మషాతా అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆ రెండో అర్థమే. దువ్వెన పేరు మాటలో మిగిలింది, చేతిలోంచి జారిపోయింది.

బిగుతు రింగుల జుట్టు ఈ ఊరికి పరాయిది కాదు. అబిసీనియా నుంచి వచ్చినవాళ్లను దక్కన్‌లో హబ్షీలన్నారు. హబ్షీగూడ పేరు ఆ జ్ఞాపకమే. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానంలో పుట్టిన ఆఫ్రికన్ దళం నిజాం కొలువుకు చేరి, అక్కడ స్థిరపడింది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక ఆ కొలువు పోయింది, కుటుంబాలు ఉండిపోయాయి. పాతబస్తీ దక్షిణాన బార్కస్‌లో, బ్యారక్స్ అన్న మాటే అరబీ నోట అలా మారిన చోట, నిజాం అరబ్బు సైనికుల వారసులున్నారు. ఇటీవలి దశాబ్దాల్లో సూడాన్, సోమాలియాల నుంచి చదువుకు వచ్చినవాళ్లు టోలీచౌకి పారామౌంట్ కాలనీలో అద్దెకు దిగారు. ఇన్ని రకాల జుట్టున్న ఊళ్లో ‘మామూలు జుట్టు’ అంటే ఏది?

ఆ మాటకు ఒకే అచ్చు పోసింది ఇనుము. 1872లో పారిస్‌లో మార్సెల్ గ్రాటో వేడి పటకారుతో జుట్టుకు అలలు తెప్పించి పేరు తెచ్చుకున్నాడు. అదే వేడి, దువ్వెన రూపంలో, అలలు తీయడానికీ పనికొచ్చింది. అమెరికాలో బానిసత్వం పోయినా, నల్లజాతి స్త్రీకి ఉద్యోగంలోనూ వీధిలోనూ సాపు జుట్టే మర్యాదకు గుర్తుగా ఉండేది. ఆ ఒత్తిడి మధ్యే ఆనీ మలోన్, మేడమ్ సి.జె. వాకర్ తలనూనెల వ్యాపారంతో ఎదిగి, వేలాది మంది స్త్రీలకు తలకట్టు పనిలో శిక్షణ ఇచ్చి బతుకుదారి చూపారు. వేడి దువ్వెనను కనిపెట్టింది వాకర్ అని చాలామంది అంటారు. ఆమె చేసింది దాన్ని ఇంటింటికీ చేర్చడం. ఆ రోజుల్లోనే గారెట్ మోర్గాన్ కుట్టుమిషను సూది కోసం చేసుకున్న ద్రవం ఉన్ని పోగుల్ని సాపు చేయడం చూసి, దాన్నే జుట్టుకు అమ్మాడు. అక్కడి నుంచి దారి రెండుగా చీలింది: ఒకటి వేడిది, ఒకటి మందుది.

ఈ రెండింటి తేడా వెంట్రుక లోపల ఉంది. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్ పోగుల్ని పట్టి ఉంచే బంధాలు ముఖ్యంగా రెండు రకాలు. హైడ్రోజన్ బంధాలు నీటికీ వేడికీ విడిపోయి, ఆరగానే మళ్లీ ముడిపడతాయి. సాంబ్రాణి బుట్ట, వేడి దువ్వెన, నేటి కరెంటు ఇస్త్రీ పట్టీ, అన్నీ వీటితోనే ఆడుకుంటాయి. గంధకపు బంధాలు గట్టివి, వాటిని విప్పాలంటే మందు కావాలి. కాబట్టి మందు లేని సాపుతనం తాత్కాలికం. తలకు పోసుకుంటే పోతుంది. గాలిలో తేమ పెరిగినా పోతుంది. హైదరాబాద్‌లో మే నెల ఎండలో నిలిచిన సాపు జుట్టు, జూలై ముసురులో సాయంత్రానికే ఉంగరాలు తిరుగుతుంది.

పాతబస్తీకి ఈ ఇనుము బ్యూటీపార్లర్ వెంట వచ్చింది. మొగల్‌పురా, శాలిబండ సందుల్లో పార్లర్లు తలుపుకు పరదా, అద్దాలకు రంగు కాగితం వేసుకుని ‘ఆడవారికి మాత్రమే’ బోర్డుతో నడుస్తాయి. మషాతా ఇంటికొచ్చేది, ఇప్పుడు ఇంటి ఆడవాళ్లే అక్కడికి వెళ్తున్నారు. రంజాన్ ముగిసే చాంద్‌రాత్‌న లాడ్‌బజార్‌లో గాజులు కొన్న చేతులే ఆ తర్వాత మెహందీకీ తలకూ వరుసలో కూర్చుంటాయి. 2000 తర్వాత మందు దారిలో రీబాండింగ్, దాని వెనకే కెరటిన్ ట్రీట్‌మెంట్ వచ్చాయి. ఆరు నెలలు దువ్వెన పని ఉండదన్న మాటే వాటిని అమ్మింది.

ఆ మాటకు చెల్లించిన ధర ఆలస్యంగా బయటపడింది. 2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించి ఫలితాలు వెల్లడించారు. సాపు చేసే మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ అంచనా 1.64 శాతం, తరచూ వాడినవారిలో 4.05 శాతం. మందే కారణమని ఇలాంటి పరిశీలన ఒక్కటే తేల్చదు గానీ, జాగ్రత్తపడడానికి ఆ తేడా చాలు. కెరటిన్ ట్రీట్‌మెంట్లలో వాడే ఫార్మాల్డిహైడ్ వద్దనుకుని కొన్ని క్రీముల్లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం కలిపారు. అది వాడాక మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికలకెక్కాయి. ‘కెమికల్ ఫ్రీ’ అని సీసా మీద పెద్ద అక్షరాలుంటే, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఈ రెండు పేర్లనూ వెతకాలి.

అందుకే మళ్లీ చేతి కోసం వెతుకులాట. మంచి చెయ్యిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. కూర్చోగానే ఇస్త్రీ పట్టీ అందుకోదు. ముందు అడుగుతుంది: రంగు వేశారా, నల్లమెహందీ పెట్టారా, ఇంతకుముందు రీబాండింగ్ అయిందా? తల రుద్ది, కింది కొసల నుంచి పైకి చిక్కు తీస్తుంది. వెంట్రుక పూర్తిగా ఆరేదాకా ఇనుము తాకనివ్వదు. తడి మీద ఇనుము పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడే తెగుతుంది. సన్నని పాయలు తీసుకుని, అవసరమైనంత వేడితో, ఒక్కసారే లాగుతుంది. బిగుతు రింగులకు పాయ ఇంకా సన్నం, ఓపిక ఇంకా ఎక్కువ. ఇలాంటివాళ్ల చిరునామా బోర్డుల మీద దొరకదు. ఈ మధ్య పెళ్లి జరిగిన ఇంటి ఆడవాళ్లను అడిగితే దొరుకుతుంది. మషాతా గురించి కూడా ఒకప్పుడు అలాగే తెలిసేది.

చివరి గుర్తు ఒకటుంది. పని అయ్యాక అద్దం చూపించి, ‘‘వానలో తిరగొద్దమ్మా, మళ్లీ ఉంగరాలొచ్చేస్తాయి’’ అంటుంది. ఆరు నెలల హామీ ఇచ్చే నోటికి ఆ మాట రాదు. అది విని, అలా వచ్చేస్తే మాత్రం పోయేదేముందని ఏ పెళ్లికూతురైనా ఒక్క క్షణం ఆగితే, ఉంగరాల జుట్టు అని పేరు పెట్టినవాళ్లు అనుకున్నదీ అదే.