ఎరవు బండి

మన పల్లెలలో బండి నెరవిచ్చుట క్రొత్త సంగతి కాదు. పెండ్లికి తరలిపోవుట కొకరు, ధాన్యమును సంతకు చేర్చుట కొకరు, నొప్పులు పడుచున్న కోడలిని పట్టణపు వైద్యశాలకు గొనిపోవుట కొకరు పొరుగువాని బండి నడుగుచునే యుందురు. ఇచ్చువాడు బాడుగ యడుగడు. తీసికొనువాడు పత్రము వ్రాయడు. నాడు ఎడ్లబండి, నేడు మోటారు కారు, మోటారు సైకిలు. బండి మాఱినది గాని, అడుగుటయు ఇచ్చుటయు మాఱలేదు. అయినను మనవారొక సామెత చెప్పుకొందురు: ఎరువుల సొమ్ము బరువుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు. అది నగలనుగూర్చి పుట్టిన మాటయే యైనను బండికిని చక్కగా సరిపోవును.

ఎరవిచ్చిన బండి ప్రమాదమునకు లోనైనపుడు మూడు ప్రశ్నలు పుట్టును. బండికి కలిగిన నష్టము నెవరు భరింపవలెను? త్రోవను బోవు పరాయివానికి కలిగిన హాని కెవరు బాధ్యులు? బండి నడిపిన మిత్రుడే మరణించినచో వాని కుటుంబమునకు దిక్కెవరు? ఈ మూడు ప్రశ్నలకు ఆయా కాలములవారు చెప్పిన సమాధానముల చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

మొదటి ప్రశ్న మిక్కిలి పాతది. అడిగి తెచ్చుకొన్న వస్తువునకు మన ధర్మశాస్త్రకారులు యాచితమని పేరిడిరి. దాచుమని యొప్పగించిన సొమ్మునకు విధించిన నియమమే దీనికిని వర్తించునని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. రాజువలన గాని, దైవమువలన గాని, దొంగలవలన గాని పోయినచో తిరిగి యీయనక్కరలేదు. సొంతదారు డడిగినను ఈయక యుంచుకొన్నపుడు పోయినచో వెలయు నిచ్చుకొనవలెను, దండుగయు చెల్లింపవలెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు, కల్యాణి చాళుక్యరాజైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున, మితాక్షర యను వ్యాఖ్య రచించెను. తిక్కనసోమయాజికి దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతనకవి పదుమూడవ శతాబ్దమున దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగుపద్యములలోనికి దెచ్చెను. ఇట్టి వ్యవహారధర్మములు తెలుగువారికి తమ భాషలోనే యందివచ్చి ఏడువందల యేండ్లు దాటినవి.

రెండవ ప్రశ్నకు మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున నొక సమాధానము కలదు. బండివలన ఒకరికి హాని కలిగినపుడు దండనము లేని పది సందర్భముల నందు లెక్కించిరి. ముకుత్రాడు తెగుట, కాడి విఱుగుట, ఇరుసు విఱుగుట, చక్రము విఱుగుట, పగ్గము తెగుట మొదలైన వా పదిలోనివి. తొలగుడని తోలువాడు కేక వేసి హెచ్చరించియున్నచో అదియు నట్టిదే. ఇవి యెవరి తప్పును గావు. కాని తోలువాని చేతగానితనముచేత బండి దారి తప్పి హాని చేసినచో, దండుగ బండి యజమానికి! వానికి రెండువందల పణములు విధింపుమని శాస్త్రము. తోలువాడు నేర్పరియై యుండియు తప్పు చేసినచో దండుగ వానిదే. చేతగానివాడని యెఱిగి బండి నెక్కినవారు సహితము దండ్యులే.

ఇందు మన మెఱుగవలసిన సూక్ష్మ మొకటి యున్నది. యజమాని బండిలో లేకపోవచ్చును, పగ్గము ముట్టకపోవచ్చును. అయినను చేతగానివాని చేతికి పగ్గ మిచ్చుటయే వాని తప్పు. నేడు లైసెన్సు లేనివానికి బండి యిచ్చుట నేరమనుచున్నాము. ఆ భావమునకు మూల మిచ్చటనే కాన్పించుచున్నది.

ఆంగ్లేయుల పాలనలో 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము వచ్చినది. అది నేటికిని అమలునం దున్నది. ఎరవునుగూర్చి యందు చెప్పిన ఉదాహరణము లన్నియు గుఱ్ఱములవే. ఒకడు తానొక్కడే యెక్కుటకు గుఱ్ఱము నెరవు తెచ్చుకొని, తన యింటివాని నొకని నెక్కించెను. ఆ యెక్కినవాడు జాగ్రత్తగానే నడిపెను. అయినను గుఱ్ఱము దైవికముగా పడి గాయపడెను. నష్టము నిచ్చుకొనవలసినవాడు ఎరవు తెచ్చుకొన్నవాడే, ఏలయన ఇచ్చినవాని యనుమతి దాటినది. ఇంకొక యుదాహరణము దీనికి ఎదురుగా నున్నది. తన గుఱ్ఱము పొగరుమోతుదని యెఱిగియు చెప్పక యెరవిచ్చినవాడు, అది పడద్రోసి గాయపఱచినచో, ఎక్కినవానికి తానే నష్ట మిచ్చుకొనవలెను. గుఱ్ఱమునకు బదులు బ్రేకులు సరిగా పట్టని కారని చదువుకొన్నచో, చట్టము నేటికిని సరిపోవును.

ఇంతవరకు వ్యవహారము ఇచ్చినవానికిని, తెచ్చుకొన్నవానికిని, దెబ్బ తగిలినవానికిని మాత్రమే సంబంధించినది. మోటారు బండితో భీమా కంపెనీ యను నాల్గవవాడు ప్రవేశించెను. మోటారు చట్టములు మనకు ఇంగ్లండునుండి వచ్చినవి గనుక కథను కొంతసే పచ్చటికి నడుపవలసియున్నది.

భీమా యనునది ఒప్పందము. రుసుము చెల్లించిన యజమాని యొక పక్షము, కంపెనీ యింకొక పక్షము. యజమాని యనుమతితో బండి నడిపిన మిత్రుడు ఆ పత్రముపై చేవ్రాలు చేయలేదు గదా! వానివలన జరిగిన ప్రమాదమునకు కంపెనీ యేల సొమ్ము చెల్లింపవలెను? 1924లో లండనున నొక వ్యాజ్యమున ఈ వాదము వచ్చెను. తన కారును సోదరి నడుపగా ప్రమాదము జరిగినది. అనుమతితో నడుపు బంధుమిత్రులకును రక్షణ యుండునని పత్రమున నున్నది. సొమ్ము చెల్లింపవలసినదేనని న్యాయస్థానము యజమాని పక్షమున తీర్పు చెప్పెను.

కాని కొలది యేండ్లకే కెనడాలోని బ్రిటిషు కొలంబియానుండి ప్రీవీ కౌన్సిలునకు ఇంకొక వ్యాజ్యము వచ్చెను. నాడు మన దేశపు వ్యాజ్యములకును తుదితీర్పు నిచ్చెడి సభ యదియే. తండ్రి కారును ఆయన యనుమతితో కుమార్తె నడిపెను. దెబ్బ తిన్న స్త్రీ ఆమెపై డిక్రీ పొందెను. అయినను కంపెనీతో ఒప్పందము చేసికొన్నది తండ్రియే గాని కుమార్తె కాదనియు, కావున కంపెనీనుండి సొమ్ము రాబట్టుకొనుటకు వీలులేదనియు కౌన్సిలు నిర్ణయించెను. ఒప్పందపు ధర్మమునుబట్టి చూచినచో తీర్పు సరియే. దెబ్బ తిన్నదానికి మాత్రము చేతికి వచ్చినది శూన్యము.

ఇంగ్లండున ఇట్టి లోపమును 1930వ సంవత్సరపు రోడ్డు ట్రాఫిక్ చట్టము ఆ తీర్పునకు ముందే తీర్చియుండెను. ఆ సంవత్సరమున బ్రిటనులో రోడ్డు ప్రమాదములచే చనిపోయినవారు ఏడు వేలకు పైబడిరి. పరాయివారికి కలుగు హానికై భీమా లేక బండి నడుపుటయు, నడుపనిచ్చుటయు 1931 జనవరినుండి నేరమయ్యెను. పత్రమున పేర్కొన్న తరగతికి చెందినవాడు నడిపినచో, వాడు ఒప్పందములో చేరకపోయినను, కంపెనీ వానిని రక్షింపవలెనని శాసించిరి.

నడుపనిచ్చుట యను నా మాట యొక యజమానికి పెద్ద పాఠము నేర్పెను. ఆయన తన కారును మిత్రున కిచ్చెను; మిత్రుడు దానిని తన మిత్రునిచేత నడిపించెను. అది యొక బస్సును ఢీకొనగా బస్సు నడుపువాడు గాయపడెను. ఆ యిద్దరికిని భీమా లేదు, నష్టమిచ్చు శక్తియు లేదు. యజమాని పత్రము వారిని రక్షించునది కాదు. తాను బండిలో లేకపోయినను, భీమా లేనివానికి బండి నప్పగించిన యజమానియే నష్టము నిచ్చుకొనవలెనని 1935 నాటి చట్టనివేదికలలో ప్రకటితమైన ఆ తీర్పు చెప్పుచున్నది. మనుస్మృతిలో పగ్గమునుగూర్చి చెప్పిన మాట యిందు మఱియొక రూపమున వినవచ్చుచున్నది.

ఇక మన దేశమునకు వత్తము. ఇచ్చట మోటారు వాహనముల చట్టము 1939లో చేయబడెను. అందలి నిర్బంధ భీమా యధ్యాయము మాత్రము 1946 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. దాని స్థానమున 1988 నాటి చట్టము 1989 జూలైనుండి నడుచుచున్నది. సాధారణముగా మన పత్రములలో, యజమాని యనుమతియు, చెల్లుబాటగు లైసెన్సును గలవా డెవడు నడిపినను రక్షణ యుండునని వ్రాయబడును. కావున లైసెన్సు గల మిత్రుడు నడుపుచు ఒకనికి హాని చేసినచో, ఆ పరాయివానికి బండి భీమా కంపెనీయే సొమ్ము చెల్లించును. బండి మరమ్మతు సంగతి వేఱు. సమగ్ర భీమా తీసికొన్నచోనే ఆ సొమ్ము వచ్చును; పరాయివారి కొఱకు మాత్రమే తీసికొన్న పత్రముపై మరమ్మతునకు ఏమియు రాదు. వచ్చినను, ప్రమాదములు లేనందుకు యజమానికి ఏటేట లభించు రుసుము తగ్గింపు పోవును. తప్పు మిత్రునిదైనను ఆ తగ్గింపు పోవునది యజమానికే.

లైసెన్సు లేనివాడు నడిపినచో నేమి? గుజరాతునుండి వచ్చిన లారీ వ్యాజ్యమున 1987లోను, మఱియొక వ్యాజ్యసముదాయమున 2004లోను సుప్రీంకోర్టు దీనిని విచారించెను. యజమాని తానుగా తెలిసి తప్పు చేసెనని నిరూపించుట కంపెనీ పని. దెబ్బ తిన్నవానికి ముందు కంపెనీచేత చెల్లింపించి, తప్పు యజమానిదైనచో ఆ సొమ్మును వానినుండి రాబట్టుకొనుటకు న్యాయస్థానము లనుజ్ఞ యిచ్చుచున్నవి. లైసెన్సు చూడక బండి యిచ్చినవాడు తన పొలము నమ్ముకొని తీర్చవలసిన దినము రావచ్చునని దీని యర్థము.

మూడవ ప్రశ్న యన్నిటికంటె కఠినము. కర్ణాటకమున నొకడు ఎరవు మోటారు సైకిలుపై పోవుచు, ఇనుపరేకులతో ముందు పోవుచున్న ఎడ్లబండిని గ్రుద్దుకొని మరణించెను. ఎవరి తప్పును నిరూపింపనక్కరలేక నష్టపరిహార మిచ్చు నాటి చట్టవిధి క్రింద కుటుంబము సొమ్ము కోరెను. బండి నెరవు తెచ్చుకొన్నవాడు యజమాని స్థానమున నిలిచినవాడే యగును గాన, ఆ విధి క్రింద యజమాని భీమాపై పరాయివానివలె కోరుటకు వీలులేదని 2009లో సుప్రీంకోర్టు పలికెను. 2020లో నింకొక యెరవు బండి వ్యాజ్యమునను ఆ సూత్రమునే పాటించెను. ఆ ప్రమాదమున తప్పు ఎదుటి బండివానిది. అయినను కుటుంబము ఎదుటి బండి భీమాపై దావా వేయక, తాము తెచ్చుకొన్న బండి భీమాపైననే వేసెను. తుదకు పత్రములో వ్రాసియున్న వ్యక్తిగత ప్రమాదభీమా లక్ష రూపాయలు మాత్రమే చేతికి వచ్చినవి. పరాయివాని కుటుంబమునకు దొరకు రక్షణ మిత్రుని కుటుంబమునకు దొరకకపోవుట వింతగా దోచును. అయినను నేటి ధర్మ మిట్లున్నది.

పెద్దలారా, బండి యెరవీయవలదని చెప్పుటకు నేనీ చరిత్రను వినిపింపలేదు. కష్టకాలమున పొరుగువానికి బండి యీయని యూరు ఊరు కాదు. ఇచ్చుటకు ముందు నాలుగు సంగతులు విచారింపుడు. అడిగినవానికి ఆ తరగతి బండికి తగిన లైసెన్సు గలదా? పత్రము గడువు తీరలేదు గదా? బాడుగకు గాక ఊరకయే యిచ్చుచున్నారు గదా? సొంత వాడుకకైన పత్రము బాడుగ బండిని రక్షింపదు. బ్రేకులలో, చక్రములలో మీ రెఱిగిన లోపమున్నచో చెప్పితిరా? తెచ్చుకొన్నవాడును బండిని ఇంకొకని చేతి కీయరాదు. పదునెనిమిది యేండ్లు నిండని మనుమడు తాళము లడిగినచో తల యూపకుడు. 2019 నాటి సవరణనుబట్టి, పిల్లవాడు చేసిన నేరమునకు సంరక్షకునికి మూడేండ్లవఱకు కారాగారము, ఇరువదియైదువేల రూపాయల జుల్మానాయు కలవు.

పత్రమును పెట్టెలో దాచి మఱచిపోక, చదువు వచ్చినవానిచేత ఒక్కసారి యెదుట చదివించుకొని, బండి నెవరెవరు నడుపవచ్చునో తెలిసికొనుడు. బండి నిచ్చినను దాని బాధ్యత మన యింటనే యుండునని మఱవకుడు.