రాక్షసగుళ్ళు

ముక్తేశ్వరమున నుయ్యి త్రవ్వువారికి ఒండ్రుమట్టియు, ఇసుకయు తగులును గాని కొండరాయి తగులదు. కోనసీమ గోదావరి తెచ్చి పోసిన నేల. అదే నదికి ఎగువన, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని జానంపేట పరిసరములందు, పురాతనమైన రాతి సమాధులు వందల కొలదిగా కలవు. తెలుగునాట మెట్టప్రాంతములలో వీనిని రాక్షసగుళ్ళు అందురు. అంతటి రాళ్ళను నరులు ఎత్తజాలరని ప్రజలు తలచుటయే ఆ పేరునకు కారణము.

అయినను వీనిని కట్టినవారు మనుష్యులే. నేలలో గొయ్యి త్రవ్వి, నాలుగు వైపుల రాతిపలకలు నిలిపి, పైన మరియొక పలక కప్పి, దానిపై రాళ్ళు గుట్టగా పోసి, చుట్టును గుండ్లను వలయముగా పేర్చిరి. కొన్నిట ఒక పలకకు గుండ్రని రంధ్రముండును. లోపల ఎముకలతోబాటు నలుపు ఎరుపు వన్నెల కుండలు, పూసలు, ఇనుప కత్తులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు దొరకినవి. కొడవలి పట్టినవారు రాక్షసులు కారు, కర్షకులు.

సురపురము సంస్థానమున అధికారిగా నుండిన మెడోస్ టేలరు 19వ శతాబ్ది మధ్యమున ఇట్టి సమాధులను త్రవ్వించి, ఐరోపా ఖండపు రాతి సమాధులతో వానికి గల పోలికను గుర్తించెను. ఇంగ్లండులోని డార్టుమూరు మెట్టలపై కూడ ఇట్టి రాళ్ళగుట్టలు, పలకల పెట్టెలు కలవు. పోలికను బట్టి ఇరువురును ఒకే జాతివారనుటకు మాత్రము వీలులేదు. జానంపేట ప్రాంతమున చేతులు చాచినట్లుండు నిలువురాళ్ళను చూచి కొందరు తొలి పండితులు క్రైస్తవ శిలువలని భ్రమపడిరి. అవి మానవాకృతులని తరువాతివారు గ్రహించిరి. 1947లో బ్రహ్మగిరి త్రవ్వకములలో వీలరు ఈ సంస్కృతి కాలమును పొరలను బట్టి నిర్ణయింప యత్నించెను. ఆయన చెప్పినదానికంటె ఇది మిక్కిలి పూర్వపుదనియు, క్రీస్తునకు వెనుక వేయి సంవత్సరముల నాటికే ఆరంభమైనదనియు నేటి పండితుల అభిప్రాయము.

వారికి లిపి లేదు. ఏ కుండ ఏ ఎముక ప్రక్క నున్నదో, ఆ అమరికయే వారి చరిత్ర. నిధుల ఆశతో త్రవ్వినను, చేను చదును చేయుటకు తొలగించినను, కంకర కొరకు పగులగొట్టినను ఆ చరిత్ర చెరిగిపోవును. నాగార్జునకొండ లోయ జలాశయమున మునుగక ముందే, 1954 మొదలు 1960 వరకు, త్రవ్వకములు జరిపి వివరములు వ్రాసికొనుటచే అచ్చటి సమాధుల వృత్తాంతము నిలిచినది.

కోనసీమ బాటలకు కావలసిన రాయి మెట్టసీమల నుండియే రావలెను. కావున ఈ రాళ్ళ విలువ తెలియుట ఇచ్చటివారికిని అవసరమే. గ్రంథాలయమున చినిగిన పుస్తకమునకు మారుగా మరియొక ప్రతి కొనవచ్చును. రాక్షసగుడికి రెండవ ప్రతి లేదు.