పొన్నూరు మాగాణికి మురుగు కాలువే నది: కృష్ణా పశ్చిమ డెల్టా నీటి యాజమాన్యంపై ఒక పరిశీలన

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద దిగువకు పోయింది. బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంత ప్రవాహం ఎన్నడూ లేదు. పొన్నూరు ప్రాంతంలో ఆ రోజుల్లో చేలను ముంచింది మాత్రం కరకట్టల నడుమ పోతున్న కృష్ణ కాదు, కురిసిన వాన. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇది ఇంకా స్పష్టంగా తెలిసింది. ఆ ఏడు కృష్ణా పరీవాహకంలో వర్షాభావం; అయినా డెల్టాలో కోతకొచ్చిన వరి, కోసి పరిచిన పనలు నీట నానాయి. నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన ఈ నేలకు నదితో నేరుగా ఉన్న సంబంధం ఏనాడో తెగింది. ఇప్పుడు దాని మంచిచెడ్డలు మురుగు కాలువ చేతిలో ఉన్నాయన్నది ఈ వ్యాసం వాదన.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక సాగునీటి కాలువలు మెరక పట్టుకుని నడిచాయి. వాననీరు, పొలం విడిచిన నీరు పల్లం వెంట పాత వాగుల్లోకి దిగాయి. మొదటి దారికి లాకులు, షట్టర్లు, లస్కర్లు, నీటి తీరువా అన్నీ అమరాయి. రెండోదాన్ని చాలాకాలం ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 1960ల నడుమ మిత్ర కమిటీ డెల్టా ముంపును పరిశీలించింది. 1968లో మురుగు పారుదల సెస్సు చట్టం వచ్చింది. నీరు పెట్టినందుకు ఒక పన్ను, ఆ నీరు తీసినందుకు మరొకటి!

నల్లమడ వాగు సంగతి చూడండి. పత్తి, మిర్చి పండే మెట్ట నుంచి వాననీటిని మోసుకొచ్చే ఈ వాగు డెల్టాలోకి దిగగానే డ్రెయిన్ అయిపోతుంది. మెట్టలో వాలు ఉంది కనుక నీరు ఉరికి వస్తుంది. పల్లంలో వాలు లేదు. సముద్రం పోటు మీదుంటే వచ్చిన నీరు అక్కడే నిలుస్తుంది. చేలల్లో చల్లిన ఎరువు, మిర్చికి కొట్టిన మందు ఆ నీటితోనే కొంత దిగివస్తాయి. ఆ ఎరువే గుర్రపుడెక్కకు మేత. డెక్క పరుచుకున్న చోట వెలుతురు దిగదు, నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, పారుదల మందగిస్తుంది. అంటే రైతుకు ముంపు, చేపకు ఊపిరాడకపోవడం ఒకే కారణంతో వస్తున్నాయి. ఈ రెంటినీ వేర్వేరు శాఖల పనిగా చూడడం మన పాలనలోని పెద్ద లోపం.

వరి మడిలో నీరు నిలిచే కాలంలో కొర్రమీను, జెల్ల, మట్టగిడస డ్రెయిన్ల నుంచి బోదెలు ఎక్కి పైకొస్తాయి. వరద మైదానం చేసే పని ఇక్కడ మాగాణి చేస్తోందన్నమాట. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు చుట్టుపక్కల చెరువులు, కాలువల మీదే ఆధారపడతాయి.

పంటల మార్పు ఈ నీటి లెక్కను తారుమారు చేసింది. పూర్వం వరి కోతకు ముందే మినుము చల్లేవారు. నేలలో మిగిలిన తేమతో, మంచుతో అది పండేది. పల్లాకు తెగులు, బంగారు తీగ బెడద పెరిగాక, 2000ల నుంచి దున్నకుండా వేసే మొక్కజొన్న, జొన్న ఆ చోటు తీసుకుంటూ వచ్చాయి. మొక్కజొన్నకు తడులు కావాలి. కాలువ అందకపోతే ఆయిల్ ఇంజిన్ పెట్టి డ్రెయిన్ నీరే తోడతారు. రైతును తప్పుపట్టలేం. కానీ వానాకాలంలో వద్దన్న నీరే రబీలో ఆధారమైనప్పుడు దాన్ని ‘మురుగు’ పద్దులో ఉంచడం అర్థంలేనిది.

తీరం వైపు ఉప్పు సమస్య కలుస్తుంది. అక్కడి ఇసుక నేలల్లో ఉప్పునీటిపై తేలే మంచినీటి పొరను దొరువులతో తోడుకోవడం పాత పద్ధతి. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం దాన్ని మెరుగుపరిచింది. పశ్చిమ డెల్టా కొసన ఉప్పుగుండూరులో నేల లోపల గొట్టాలు వేసి చౌడు నీటిని బయటకు తీసే ప్రయోగమూ జరిగింది. అలా తీసిన నీరు చేరేదీ డ్రెయిన్‌లోకే. అది పారకపోతే ఆ శ్రమంతా వృథా.

ఇక నీటి వాటాల సంగతి. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీల కేటాయింపు ఉంది. 2010లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ నదిలో కనీస ప్రవాహం కోసం అప్పటి మూడు పరీవాహక రాష్ట్రాలకూ కలిపి 16 టీఎంసీలు కేటాయించింది. అది నదికే; డెల్టా లోపలి వాగులకు వాటా లేదు. ఆస్ట్రేలియాలో 2007 జల చట్టం పర్యావరణం కోసం నీటి హక్కులను అట్టిపెట్టే ప్రత్యేక అధికారిని ఏర్పరిచింది. మనకు అంత యంత్రాంగం అక్కర్లేదు, నీరు ఎలాగూ పొలం మీదుగా డ్రెయిన్‌కు చేరుతోంది. కావలసింది వేళ చూసి వదలడం. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపేటప్పుడే డ్రెయిన్లలోని లోతు మడుగులకూ కొంత నీరు వదలాలి. గుర్రపుడెక్కను వానలకు ముందే తీసి, గట్టు మీద కుప్ప పోయకుండా దూరం తరలించాలి. నల్లమడ ప్రవాహాన్ని, ఉప్పదనాన్ని నెలనెలా కొలిచి, ఆ అంకెలను జలవనరుల శాఖ రైతుల ముందు పెట్టాలి.