ఫోటో దిగని ప్రజలు

ఫోటోకు మన భాషలో రెండు క్రియలున్నాయి. తీసేవాడు ఫోటో తీస్తాడు. తెలంగాణాలో అయితే దించుతాడు. ఎదుట నిలబడినవాడు ఫోటో దిగుతాడు. దిగడమంటే తెలిసి, ఇష్టపడి, తల దువ్వుకుని చేసే పని. మరి బస్టాండులో ఇద్దరు మాట్లాడుకుంటుండగా వాళ్లకు తెలియకుండా తీసిన ఫోటోను ఏమనాలి? అందులో తీసినవాడున్నాడు గాని దిగినవాడు లేడు. ఇటువంటి ఫోటో చరిత్రకు ఏ మేరకు ఆధారం? దాన్ని తీసే హక్కు ఏ షరతు మీద వస్తుంది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ రెండు ప్రశ్నలను పరిశీలించదలిచాను.

నిజాం రాజ్యంలో ఫోటో మొదట ప్రభువుల ముచ్చట. 1844లో సర్ధనాలో పుట్టిన లాలా దీన్‌దయాళ్ 1880లలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. వేటలు, విందులు, దర్బారులు, రాజభవనాలు ఆయన గాజుపలకల మీద నిలిచిపోయాయి. ఆయన పనితనం గొప్పది, సందేహం లేదు. కాని ఆనాటి కెమెరా మూడు కాళ్ల మీద నిలిచే బరువైన పెట్టె. దాని ముందు కదలకుండా కూర్చునే తీరిక, దానికి పెట్టే డబ్బు ఎవరికున్నాయో వాళ్ల ముఖాలే మిగిలాయి. పల్లకిలో కూర్చున్నవాడిని గుర్తు పడతాము. మోసినవాడి పేరు మనకు తెలియదు.

1925లో లైకా కెమెరా మార్కెట్టులోకి వచ్చిన తర్వాత చేతిలో పట్టే యంత్రంతో నడిచే మనిషిని, మాట్లాడే మనిషిని ఫోటో తీయడం సులువైంది. అమెరికాలో వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్కు భూగర్భ రైళ్లలో కోటు చాటున కెమెరా దాచుకుని ప్రయాణీకులను ఫోటోలు తీశాడు. ఆ పుస్తకం 1966లో గాని వెలువడలేదు. మనుషులు ముఖానికి ముసుగు వేసుకోని క్షణం కోసం ఆయన వెతికాడు. అయితే అక్కడ ముసుగు వేసుకున్నది కెమెరా!

ఆ కాలంలోనే మన జిల్లా పరిస్థితి ఏమిటి? ఇక్కడ పదిమంది కూడి మాట్లాడుకోవడమే అనుమానించదగిన పని. 1920లలో నిజాం ప్రభుత్వం జారీ చేసిన గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సూర్యాపేట తాలూకాలోని ఎర్రపాడు దేశముఖు కుటుంబం కింద 1,50,000 ఎకరాల భూమి వుండేది. అటువంటి దొర ఎదుట చెప్పులు చేతపట్టుకుని "నీ బాంచెన్" అనడమే గాని రైతుకు సంభాషణ అన్నది ఎక్కడిది? సంభాషణకు ఇద్దరు సమానులు కావాలి.

ఆ సమానత్వం పోరాటం వల్లనే వచ్చింది. కోదాడ ప్రాంతంలోని చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగింది. జనం దాన్ని 'సంగం' అన్నారు. 1946లో పోరాటం సాయుధ రూపం దాల్చేనాటికి బావిగడ్డన, పందిరి కింద, పొలంగట్టున జనం గొంతు విప్పారు. 1943 నాటి బెంగాలు కరువును లోకానికి చూపిన సునీల్ జానా తెలంగాణా పోరాట స్త్రీలను కూడా ఫోటో తీశాడు. తుపాకులు పట్టుకుని వరుసగా నిలబడిన ఆ స్త్రీల చిత్రం ఈనాటికీ మనకు సుపరిచితం. సూర్యాపేట ప్రాంతపు కర్విరాల కొత్తగూడెంలో 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యం పేరు ఆ చిత్రంతో ముడిపడిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ స్త్రీలు ఫోటో దిగారు. అది పోజు పెట్టిన ఫోటో కాబట్టి అందులో సత్యం తక్కువని కొందరు విమర్శకులు అనవచ్చు. నేను ఒప్పుకోను. తలవంచి వెట్టి చేసిన వర్గం తలెత్తి కెమెరాను సూటిగా చూడడమే ఒక చారిత్రక ఘట్టం. దీన్‌దయాళ్ కెమెరా ముందు నవాబులకున్న హక్కును వాళ్లు తుపాకితో సంపాదించుకున్నారు.

అయినా ఆ వరుస కట్టడానికి ముందు వాళ్లేమి మాట్లాడుకున్నారో, ఎవరు నవ్వారో, ఎవరు భయపడ్డారో ఆ చిత్రం చెప్పదు. ఆ లోటును నాలుగు దశాబ్దాల తర్వాత స్త్రీశక్తి సంఘటన వారు ఆ స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ల మాటలను సేకరించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా కొంతవరకు తీర్చారు. వాళ్లు చాటునుంచి వినలేదు. ఎదురుగా కూర్చుని అడిగి విన్నారు.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల బోధపడలేదు. పోయిన చలికాలం సెలవుల్లో కెమెరా తీసుకుని ఈ మూడు ఊళ్లూ తిరిగాను. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు పారిన తర్వాత మిర్యాలగూడ ధాన్యం మిల్లులకు పేరుపడ్డది. అక్కడ ఒక రైతు అరచేతిలో వడ్లు పోసుకుని చూపిస్తున్నాడు. ఎదుటివాడు వడ్లకేసి చూడకుండా ఫోనుకేసి చూస్తున్నాడు. తేమ 17 శాతం దాటిందా లేదా అన్నది వాళ్ల తగాదా. ఆ చాచిన చేయి, ఆ తిప్పుకున్న చూపు — ధర ఎవరి చేతిలో వున్నదో చెప్పడానికి ఇంకొక వ్యాసం అక్కరలేదు. ఆ రైతు కెమెరా కోసం సర్దుకుని నిలబడితే ఆ సాక్ష్యం నాకు దొరికేది కాదు. పోజు లేని ఫోటో విలువ అదే.

మర్నాడు సూర్యాపేటలో పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర మాట్లాడుకుంటున్న ఇద్దరు స్త్రీలను అలాగే తీశాను. పెద్దామె చూసింది.

"ఏం సారూ, అడగకుంట ఎందుకు దించినవు? మేం కూలి రేటు మాట్లాడుకుంటున్నం. ఇది మేస్త్రి కంట పడితే రేపు నన్ను పనికి పిలుస్తడా?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఎదుటే ఆ ఫోటో చెరిపేశాను. నేను చరిత్ర అనుకున్నది ఆమెకు రేపటి కూడు. అప్పుడామె మెత్తబడి, "మల్ల రా, చెప్పి దించు" అన్నది. మూడో రోజు వెళ్లి చెప్పి కూర్చున్నాను. మొదట ఇద్దరూ కొంగు సర్దుకుని కెమెరాకేసి చూశారు. కాసేపటికి నన్ను మరిచి తమ మాటల్లో పడ్డారు. అప్పుడు తీసిన చిత్రంలో పోజు లేదు, దొంగతనమూ లేదు. కోదాడ బస్టాండులోనూ ఇదే పద్ధతి పాటించాను. 2014 నుంచి రాష్ట్ర సరిహద్దు ఊరైన అక్కడ రెండు యాసలు ఒకే బల్ల మీద కూర్చుని మాట్లాడుకుంటాయి. ఫోటోకు చెవులు లేవు కనుక వాళ్లు ఒప్పుకున్నంత మేరకు ఆ మాటలు కూడా రాసిపెట్టుకున్నాను.

ఈ రోజుల్లో ప్రతి కూడలిలోనూ స్తంభం మీద సీసీ కెమెరా వున్నది. ఎవరిని ఎవరు కలిశారో అది పైనుంచి చూస్తుంది, ఎవరినీ అడగదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ హక్కు అడ్డా కూలీకి లేదా? చాటునుంచి తీసే రచయిత ఎంత అభ్యుదయవాది అయినా స్తంభం మీది కెమెరాకు బంధువే అవుతాడు.

కాబట్టి ప్రజల మాటామంతీని ఫోటోల్లో భద్రపరచాలి. ఆ పని మన కళాశాలల విద్యార్థులు చేయగలరు. అయితే ముందుగానో, కనీసం తర్వాతనో చెప్పాలి. వద్దంటే చెరపాలి. తేదీ, స్థలం, మాటల సందర్భం రాసిపెట్టాలి. ఒక ప్రతి వాళ్లకివ్వాలి. నేను ఆ పెద్దామెకు ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసి, పక్కామెతో, "నేను గింత గట్టిగ మాట్లాడుతనా?" అన్నది.

అవును, మాట్లాడుతుంది. ఆమె తాతల కాలంలో ఆ గొంతు లేచేది కాదు. రాసిపెట్టవలసిన చరిత్ర అదే.