అచ్చు చేసే చేతులు

మన పరిశ్రమల చరిత్ర రాసేవారు ఏ కర్మాగారానికి శంకుస్థాపన ఎవరు చేశారో, ఏ దేశం సహకరించిందో, ఎన్ని కోట్లు ఖర్చయిందో తప్పక రాస్తారు. ఆ కర్మాగారంలో టూల్ రూం ఎక్కడుండేది, అక్కడ పని ఎవరికి ఎవరు నేర్పారు అనేది మాత్రం రాయరు. కొత్త వస్తువు మొదట రూపు కట్టేది అక్కడే కనుక, ఈ ప్రత్యేక సంచికకు ఆ విషయాన్ని ఎంచుకున్నాను.

మన ఇళ్ళలోని వారూ ఈ సంచిక చదువుతారు కాబట్టి ముందుగా రెండు మాటలు. ఫ్రిజ్ తలుపు, వాచీ డయలు, ప్లాస్టిక్ బకెట్టు, ఏదైనా సరే వేల సంఖ్యలో ఒకే కొలతతో రావాలంటే దానికొక అచ్చు కావాలి. రేకుకైతే పంచ్, డై, ప్లాస్టిక్‌కైతే మౌల్డు. మెషిన్ ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి నడుస్తుంది. అచ్చు మాత్రం వస్తువు మారినప్పుడల్లా కొత్తగా చేయాలి. అది విదేశం నుంచే రావాలంటే చిన్న మార్పుకు కూడా విదేశీ మారకద్రవ్యం, లైసెన్సు, నెలల నిరీక్షణ. అలాంటప్పుడు మార్పు జోలికి ఎవరు పోతారు?

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో కేంద్ర ప్రభుత్వం వృత్తి పనివారి శిక్షణ పథకం ప్రారంభించింది. మన ఐ.టి.ఐ.లు దాని సంతానమే. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఫిట్టర్లు, టర్నర్లు తయారయ్యారు గాని అచ్చు చేయడం అంతకు మించిన విద్య. హైదరాబాదులో అప్పటికే ఆల్విన్, ప్రాగా టూల్స్ ఉన్నాయి. 1960లలో ఐ.డి.పి.ఎల్., హెచ్.ఎం.టి., భెల్ వచ్చాయి. ఆ దశకంలోనే, 1968లో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహాయంతో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలిసింది.

డిజైన్, తయారీ, శిక్షణ, మూడూ అక్కడ ఒకే ఆవరణలో ఉన్నాయి. పరిశ్రమల వారు తెచ్చిన పనినీ ఆ సంస్థ చేసిపెడుతుంది. పాఠం కోసం చేసిన నమూనా చెడితే మార్కులు పోతాయి, అంతే. పరిశ్రమ వాడికి ఇవ్వవలసిన డై చెడితే అతని ఉత్పత్తి ఆగుతుంది. ఆ భయం నేర్పే చదువు వేరు.

ఒక ఉదాహరణ చెబుతాను. రేకును 90 డిగ్రీలకు వంచమని డ్రాయింగు చెబుతుంది. ప్రెస్ కింద అంతే వంగుతుంది. ప్రెస్ పైకి లేవగానే రేకు ఒకటి, రెండు డిగ్రీలు వెనక్కి విచ్చుకుంటుంది. దీన్ని స్ప్రింగ్ బ్యాక్ అంటారు. ఎంత విచ్చుకుంటుందనేది రేకు మందం, గట్టిదనం, వంపు వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది. పుస్తకాల్లో పట్టికలున్నాయి, గోదాములోకి వచ్చిన రేకు మాత్రం ఆ పట్టిక చదువుకుని రాదు! అందుచేత డై చేసేవాడు ముందే కోణం కాస్త బిగించి చేసి, ట్రయల్ తీసి, గ్రైండింగుతో, ఆకురాయితో సవరిస్తాడు. తర్వాత డిజైనర్ దగ్గరికి వెళ్ళి, "ఈ మూల వంపు కొంచెం పెంచండి సార్, రేకు పగలకుండా ఉంటుంది" అంటాడు. వస్తువు మెరుగయ్యేది ఆ మాటతోనే. డ్రాయింగు చదవడం, ఆకురాయి పట్టడం రెండూ వచ్చిన వాడే ఆ మాట అనగలడు. మన కాలేజీలు మొదటిదే నేర్పాయి, ఐ.టి.ఐ.లు ఎక్కువగా రెండవదే నేర్పాయి. నా దృష్టిలో మనం పోగొట్టుకున్నది ఈ రెంటి నడుమే.

శిక్షణతోపాటు ఉత్పత్తి అనే ఈ పద్ధతిలోనే ఇతర రాష్ట్రాలలోనూ టూల్ రూంలు వచ్చాయి. డెన్మార్క్ సహకారంతో నెలకొన్న భువనేశ్వర్ టూల్ రూం 2013 నాటి మంగళయాన్‌కూ, తర్వాత చంద్రయాన్‌కూ విడిభాగాలు చేసి ఇచ్చింది.

ఇక అప్రెంటిస్ చట్టం సంగతి. శిక్షణ ఇచ్చిన సంస్థే ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం అందులో లేదు. దాన్ని అన్యాయమన్న వారున్నారు, కుర్రవాళ్ళ వైపు నుంచి చూస్తే నిజమే. అయితే పెద్ద సంస్థల్లో చోటు దొరకని వారు బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో కుదురుకున్నారు. పెద్ద సంస్థల నైపుణ్యం చిన్న పరిశ్రమలకు చేరడానికి అదీ ఒక దారి అయింది. ఇప్పుడు ఆ మూలమే ఎండిపోతోంది. హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్ మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఒక కర్మాగారం మూతబడితే ఉద్యోగాలతోపాటు అక్కడి అప్రెంటిస్ బెంచీలు కూడా పోతాయి. ఆ లెక్క ఎవరూ వేయరు.

2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐ.టి.ఐ.లను అధునాతన కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. సంతోషించవలసిన విషయమే. సి.ఎన్.సి. మెషిన్లు, రోబోలు వస్తాయి. వాటి మీదికి బయటి పరిశ్రమల నుంచి నిజమైన పని కూడా రావాలి. చెడిన డైని చూసి ఎక్కడ తప్పిందో చెప్పగల బోధకులూ కావాలి. మన సంఘంలోనే టూల్ రూంలో తల నెరసిన వారు ఎందరో ఉన్నారు. వారంలో ఒక పూట దగ్గరలోని ఐ.టి.ఐ.కి వెళ్ళి చెప్పగలవారు కార్యదర్శి గారికి పేరు ఇస్తే, ప్రిన్సిపాళ్ళతో మాట్లాడవచ్చు.

పదవ తరగతి చదువుతున్న మనవలు, మనవరాళ్ళు ఉన్నవారికి ఒక మాట: బాలానగర్ సంస్థలో టూల్, డై, మౌల్డు తయారీలో నాలుగేళ్ళ డిప్లొమాకు పదవ తరగతి చాలు, ప్రవేశ పరీక్ష రాయాలి. విజయవాడలోనూ ఆ సంస్థకు శాఖ ఉంది.