డిపెండెన్సీ ఇంజెక్షన్: చరిత్ర, తెలుగునాట అభ్యాసం

డిపెండెన్సీ ఇంజెక్షన్ (పొట్టిగా డీఐ) సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఒక పద్ధతి. ఇందులో ఒక ఆబ్జెక్ట్ తన పనికి కావలసిన ఇతర ఆబ్జెక్ట్‌లను తానే పుట్టించుకోదు, తానే వెతుక్కోదు. బయటి నుంచి అందుకుంటుంది. గద్వాల, అమరచింత, కొత్తకోట వైపు మాస్టర్ వీవర్ కింద మగ్గం నేసే కార్మికుడు నూలు, పట్టు, జరీ కోసం బజారుకు పోడు. అవి డిజైన్‌తో సహా అతని చేతికే వస్తాయి, అతని పని నేయడం. డీఐలో ఆబ్జెక్ట్ పరిస్థితీ అదే.

వనపర్తి మార్కెట్ యార్డుకు వచ్చిన వేరుశనగకు కాంటా వేసి, ఆ రోజు ధరతో లెక్కగట్టి, రైతుకు ఎస్సెమ్మెస్ పంపే ప్రోగ్రాం ఒకటి రాయాలనుకుందాం. ‘చీటీ’ అనే క్లాస్ లోపలే ‘న్యూ’ అని రాసి ఎస్సెమ్మెస్ పంపే ఆబ్జెక్ట్‌ను పుట్టిస్తే, లెక్క సరిగ్గా వస్తోందా అని పరీక్షించిన ప్రతిసారీ ఎవరో ఒక రైతు ఫోను మోగుతుంది. అలా కాక ఆ ఆబ్జెక్ట్‌ను చీటీ కన్‌స్ట్రక్టర్‌కు పారామీటర్‌గా ఇచ్చామనుకోండి. పరీక్షలో సందేశం పంపకుండా, ఏం పంపమన్నారో రాసిపెట్టుకునే ఉత్తుత్తి ఆబ్జెక్ట్‌ను ఇవ్వొచ్చు. యార్డులో అసలుదాన్ని ఇవ్వొచ్చు. చీటీ కోడ్‌లో ఒక్క అక్షరం మారదు. డీఐ అంటే ఇంతే. దీనికి లైబ్రరీ అక్కర్లేదు, ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద పేరా అని జేమ్స్ షోర్ అనే ప్రోగ్రామర్ 2006లోనే ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిలో న్యాయం ఉంది.

మూలాలు

1988లో రాల్ఫ్ జాన్సన్, బ్రయన్ ఫుట్ రాసిన ఒక వ్యాసంతో ‘ఇన్వర్షన్ ఆఫ్ కంట్రోల్’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. ప్రోగ్రామర్ రాసిన కోడ్ ఫ్రేమ్‌వర్క్‌ను పిలవడం కాకుండా, ఫ్రేమ్‌వర్కే ఆ కోడ్‌ను పిలవడం దాని సారం. 1996లో రాబర్ట్ మార్టిన్ ‘డిపెండెన్సీ ఇన్వర్షన్’ సూత్రం రాశారు: పైస్థాయి కోడ్ కిందిస్థాయి వివరాల మీద కాకుండా, రెండూ ఇంటర్‌ఫేస్‌ల మీద ఆధారపడాలన్నది దాని మాట. ఈ రెంటినీ డీఐతో కలిపేసి మాట్లాడటం నేటికీ మామూలే.

బరువు కాలం

1998 నవంబరు 22న హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. జావా ప్రపంచంలోకి ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్ (ఈజేబీ) వచ్చింది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడాది చివర దాన్ని కలుపుకుని జే2ఈఈ అనే వేదిక వచ్చింది. ఈజేబీ తొలి రూపాల్లో ఒక చిన్న లెక్క చేసే బీన్ రాయాలన్నా హోమ్ ఇంటర్‌ఫేస్ ఒకటి, రిమోట్ ఇంటర్‌ఫేస్ ఒకటి, అసలు క్లాస్ ఒకటి, వీటన్నిటి వివరాలతో ఇంకో ఫైలు ఒకటి తప్పనిసరి. కావలసిన వస్తువును జేఎన్‌డీఐ అనే పేర్ల పట్టికలో కోడే వెతుక్కోవాలి. అప్లికేషన్ సర్వర్ లేకుండా ఆ కోడ్ నడవదు కాబట్టి, ఒక్క వాక్యం మార్చినా మళ్లీ సర్వర్‌లోకి ఎక్కించి, అది లేచేదాకా కాచుకోవాల్సిందే. డీఐ చరిత్రలో ‘తేలిక’ అనే మాటకు అర్థం వచ్చింది ఈ విసుగులోనే.

2002లో రాడ్ జాన్సన్ జే2ఈఈ డిజైన్ మీద ఒక లావుపాటి పుస్తకం రాశారు. దాంతోపాటు సుమారు 30,000 పంక్తుల కోడ్ ఇచ్చారు. పుస్తకం కంటే ఆ కోడ్‌కే ఆయుష్షు ఎక్కువైంది. యుర్గెన్ హోలర్, యాన్ కరోఫ్ పట్టుబట్టడంతో అది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టయింది. ‘స్ప్రింగ్’ అనే పేరు కరోఫ్ పెట్టిందే. 2003 జూన్‌లో తొలి విడుదల, 2004 మార్చిలో 1.0 వచ్చాయి. పాల్ హమ్మంట్, అస్లాక్ హెలెసాయ్ తయారుచేసిన పికోకంటైనర్ కూడా ఆ రోజులదే. కావలసినవన్నీ కన్‌స్ట్రక్టర్ ద్వారానే రావాలని అది పట్టుబట్టింది. స్ప్రింగ్ వాళ్లు మొదట్లో, ఆబ్జెక్ట్ పుట్టాక ఒక్కొక్కటీ అందించే సెట్టర్ మెథడ్‌ల వైపు మొగ్గారు. ఈ వాదన సాగుతుండగా 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ ఒక వ్యాసం రాశారు. ఇన్వర్షన్ ఆఫ్ కంట్రోల్ అన్నది మరీ విశాలమైన మాట అంటూ, ఆ కంటైనర్ల (ఆబ్జెక్ట్‌లను పుట్టించి ఒకదానికొకటి అందించే ఇలాంటి లైబ్రరీల) రూపకర్తలతో చర్చించి ‘డిపెండెన్సీ ఇంజెక్షన్’ అనే పేరు ఖాయం చేశారు.

అమీర్‌పేట

తెలుగువారిలో చాలామందికి ఈ పేరు తొలిసారి వినిపించింది కంపెనీలో కాదు, అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, ఆ తర్వాత స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్ అన్నది ఏళ్ల తరబడి నడిచిన వరస. 44వ జాతీయ రహదారి మీద ఉన్న కొత్తకోటలో బస్సెక్కితే హైదరాబాద్ ఒకే దారి. వనపర్తి రాజభవనంలోని పాలిటెక్నిక్‌లోనో, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనో చదివి వచ్చినవారు హాస్టల్ గదుల్లో సర్దుకుని, రన్నింగ్ నోట్స్ జెరాక్స్ తీయించుకుని ఈ వరస పూర్తిచేసేవారు.

అక్కడ స్ప్రింగ్ పాఠం చాలాసార్లు ఎక్స్‌ఎంఎల్ ఫైలుతో మొదలయ్యేది: బీన్ ట్యాగు, దానికో ఐడీ, కింద ప్రాపర్టీ ట్యాగులు. సెట్టర్ ఇంజెక్షన్‌కూ కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్‌కూ తేడా ఏమిటన్నది ఇంటర్వ్యూలో తప్పక ఎదురయ్యే ప్రశ్న, కాబట్టి జవాబు కంఠస్థం. ఉద్యోగాల లెక్కన ఆ చదువు పనికొచ్చింది, ఎన్నో ఇళ్లు నిలబెట్టింది. కానీ కంటైనర్ లేకుండా డీఐ ఉంటుందన్న సంగతి ఆ ట్యాగుల కింద పడి కనపడకుండా పోయింది. ఈజేబీ బరువు దించడానికి వచ్చిన స్ప్రింగ్ కాన్ఫిగరేషన్ తానే బరువైంది.

ట్యాగుల నుంచి కంపైలర్‌కు

2007లో గూగుల్ నుంచి గైస్ వచ్చింది. బాబ్ లీ రూపొందించిన ఈ లైబ్రరీ ఎక్స్‌ఎంఎల్‌ను పక్కనపెట్టి, జావా 5 తెచ్చిన అనోటేషన్‌లను, అంటే కోడ్ మీదే అతికించే గుర్తులను, వాడుకుంది. అదే ఏడాది చివర స్ప్రింగ్ 2.5 ‘ఆటోవైర్డ్’ అనోటేషన్‌ను ఇచ్చింది. పోటీదారులైన రాడ్ జాన్సన్, బాబ్ లీ 2009లో చేయి కలిపి జేఎస్‌ఆర్ 330 ప్రమాణం తెచ్చారు. ‘ఇంజెక్ట్’ అనోటేషన్ అందులోదే. ఆటోవైర్డ్‌తో కొత్త జబ్బు ఒకటి పుట్టింది. క్లాస్‌లోని ఫీల్డు మీద దాన్ని అతికిస్తే చాలు, వస్తువు వచ్చేస్తుంది; అందుకని ఒక్కో క్లాస్‌లో పదీ పన్నెండు చేరినా ఎవరికీ నొప్పి తెలియదు. పన్నెండు పారామీటర్ల కన్‌స్ట్రక్టర్ మాత్రం చూడగానే కళ్లలో గుచ్చుకుంటుంది. స్ప్రింగ్ బృందమే చివరకు కన్‌స్ట్రక్టర్ వైపు వచ్చింది. 2016 నాటి 4.3 నుంచి క్లాస్‌కు ఒకే కన్‌స్ట్రక్టర్ ఉంటే అనోటేషన్ కూడా అక్కర్లేదు. కన్‌స్ట్రక్టరే దారి అని పికోకంటైనర్ మొదటే చెప్పింది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో చిక్కు వేరు. నడుస్తున్నప్పుడు క్లాసులను తడుముకుంటూ చూసే రిఫ్లెక్షన్ పద్ధతి చిన్న ప్రాసెసర్ మీద నెమ్మది. స్క్వేర్ కంపెనీ డాగర్‌ను తయారుచేసింది. గూగుల్ దాన్ని చేపట్టి 2015లో డాగర్ 2గా, రిఫ్లెక్షన్ పూర్తిగా వదిలేసి, విడుదల చేసింది. కావలసిన ఆబ్జెక్ట్ ఏదైనా దొరక్కపోతే యాప్ తెరిచాక కూలిపోదు. కంపైల్ దగ్గరే ఆగుతుంది. దాని మీద కట్టిన హిల్ట్ 2020లో వచ్చింది. సర్వర్ వైపు మైక్రోనాట్, క్వార్కస్ ఇదే బాట పట్టాయి. ఇటు ఆంగ్యులర్‌లోనూ, 2016లో వచ్చిన ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లోనూ డీఐ పుట్టుకతోనే ఉంది.

డాట్ నెట్ లోకంలో డీఐ మీద 2011లో పుస్తకం రాసిన మార్క్ సీమన్ కంటైనర్ లేని పద్ధతికి ‘ప్యూర్ డీఐ’ అని పేరుపెట్టారు. ప్రోగ్రాం మొదలయ్యే ఒకే ఒక్క చోట అన్ని ఆబ్జెక్ట్‌లనూ చేత్తో కలపాలి; ఆ కలపడం చేతికి అందనంత పెద్దదైతేనే కంటైనర్ జోలికి పోవాలి. 2020 లాక్‌డౌన్ తర్వాత అమీర్‌పేట పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌కు మారాయి. కొత్తకోటలో ఇంటి దగ్గరే ఉండి తెలుగులో వినొచ్చు. స్ప్రింగ్ బూట్‌తో నేరుగా మొదలయ్యే కోర్సులో కూర్చున్నవారు కూడా ముందు ‘చీటీ’ లాంటి ప్రోగ్రాం ఒకటి మెయిన్ మెథడ్‌లో చేత్తో కలిపి చూసుకోవచ్చు. ఆ తర్వాత అదే ప్రోగ్రాంను డాగర్‌కు ఇచ్చి, అది పుట్టించిన జావా ఫైలు తెరిస్తే, పేర్లు పొడుగ్గా ఉన్నా, కనపడేవి మామూలు కన్‌స్ట్రక్టర్ పిలుపులే.