రాగిరేకుల పాట: తిరుపతిలో పదానికి దక్కిన పండిత గౌరవం

1816లో మద్రాసులో అచ్చయిన కాంబెల్ దొర తెలుగు వ్యాకరణం పీఠికలో తిరుమల కొండ ప్రస్తావన ఒకటుంది. గుడిలో ఒక బ్రాహ్మణ కుటుంబం వేల రాగిరేకుల మీద చెక్కించిన రచనల్ని కాపాడుకుంటూ వచ్చిందని విని, వాటిని చూసి రమ్మని ఆయన ఒక మనిషిని పంపించాడు. కాంబెల్ వెతుకుతున్నది వ్యాకరణం. ఆ రేకుల్లో లక్షణ గ్రంథం ఒకటి కనబడితే నకలు రాయించుకున్నాడు. మిగిలినవన్నీ దేవుణ్ణి పొగిడే స్తోత్రాలేనని ఒక్క మాటలో పక్కన పెట్టేశాడు.

ఆ పక్కన పెట్టినవి తాళ్లపాక కవుల సంకీర్తనలు.

దొరను తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. పదమనే ప్రక్రియకు మన పండితుల దగ్గరా చాలాకాలం కావ్యానికిచ్చిన పీట దొరకలేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు అంటూ జనం పాటల పేర్లు వరసగా చెప్పాడు. ఆ పేర్లు మిగిలాయి, ఆ పాటలు మిగల్లేదు. నోటి పాటను రాసిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాని కాలమది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమాచార్యుడు అదే సంపదను చేతికి తీసుకున్నాడు. జోల, లాలి, సువ్వి, గొబ్బి, జాజర, ఏల, చందమామ పాట: దంపుడు రోటి దగ్గరా ఉయ్యాల దగ్గరా పుట్టిన ఈ బాణీలన్నీ ఆయన రచనలో వేంకటేశ్వర ముద్రతో నిలిచాయి.

పాటను లెక్కలోకి తీసుకున్న తొలి పండితులు ఆ ఇంటివాళ్లే. అన్నమయ్య సంకీర్తనకు సంస్కృతంలో లక్షణం రాశాడు. ఆ మూలం నేడు లేదు. మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగు పద్యాల్లో చెప్పిన సంకీర్తన లక్షణం మాత్రం ఉంది. పల్లవి ఎలా ఉండాలి, చరణం ఎలా నడవాలి, పదంలో వాడుక మాటకు ఎంత చోటివ్వాలి అన్న ప్రశ్నల్ని ఛందశ్శాస్త్రంలో అడిగినంత శ్రద్ధగా ఆ కుటుంబం అడిగింది. జనం పాడుకునే పదానికి తెలుగులో అంత పూర్తిగా శాస్త్రం చెప్పిన గ్రంథం అంతకు ముందు కనబడదు.

పాటల్ని రాగిమీదకు ఎక్కించడం ఇంకా పెద్ద నిర్ణయం. శాసనానికీ దానపత్రానికీ వాడే లోహం మీద జోలపాటను చెక్కించారు. మొదటి రేకు తేదీలు కూడా చెబుతుంది: శకవర్షం 1346 క్రోధి సంవత్సరంలో, అంటే 1424లో, అన్నమాచార్యుడికి పదహారేళ్ల వయసులో సంకీర్తన మొదలైంది, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి, 1503, వరకూ సాగింది. మరో మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర పాటల లెక్క 32 వేలని చెబుతుంది. రేకుల్లో దొరికినవి సుమారు 14 వేలు. ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. కొండమలహరి, ఆబాలి వంటి అరుదైన పేర్లూ వాటిలో ఉన్నాయి. స్వరం మాత్రం లేదు.

ఆ రేకుల్ని దాచిన సంకీర్తన భాండారం శ్రీవారి హుండీకి ఎదురుగా ఉన్న చిన్న అర. 1920ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పూనికతో రేకుల పరిశీలన మొదలైంది. ఆ తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయంలో కూర్చుని సంపుటాలు పరిష్కరించాడు. చిన్నన్న ద్విపదకు ఆయన 1949లో రాసిన పీఠిక ఈ రంగానికి పునాది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. ఆ పని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చేతికి వచ్చింది. 1920ల చివర వేమనపై ఉపన్యాసాలు చెప్పి, జనం నోట నానిన కవిని విద్వత్సభలో కూర్చోబెట్టినవాడు ఆయనే. పాఠం తెలిసిన పండితుడే సంగీతం తెలిసినవాడు కావడం తిరుపతి అదృష్టం. వందకు పైగా పాటలకు రాళ్లపల్లి స్వరం కట్టాడు. మద్రాసు సంగీత అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

అలాగే జనంలో పుట్టిన అమెరికా జాజ్‌కు పండిత గౌరవం వచ్చిన దారి ఈ తిరుపతి దారికి సరిగ్గా తిరగబడి నడిచింది. 1917లో తొలి జాజ్ రికార్డు వెలువడింది. రెండేళ్లకే స్విట్జర్లండ్ సంగీత నిర్దేశకుడు ఎర్నెస్ట్ అన్సెర్మే లండన్‌లో నల్లజాతి వాద్యబృందాన్ని విని, క్లారినెట్ వాయించిన సిడ్నీ బెషేను కళాకారుడిగా గుర్తిస్తూ వ్యాసం రాశాడు. ఫ్రాన్స్‌లో యూగ్ పనాసియే పుస్తకం 1934లో వచ్చింది. మార్షల్ స్టెర్న్స్ జాజ్ అధ్యయన సంస్థ 1952లో మొదలై 1966లో రట్గర్స్ విశ్వవిద్యాలయం చేరింది. అక్కడ ధ్వని ముందు దొరికింది, శాస్త్రం వెనక వచ్చింది. ఇక్కడ శాస్త్రమూ సాహిత్యమూ దొరికాయి. ధ్వని నాలుగు శతాబ్దాల కిందటే ఆగిపోయింది. జాజ్ పరిశోధకుడు రికార్డు వేసి వినగలడు. అన్నమయ్య పరిశోధకుడికి రాగం పేరొక్కటే ఆధారం.

అందుకే ఇక్కడ గౌరవం కచేరీ దారిలో వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి స్వరకల్పనలు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు ఈ పాటల్ని సంప్రదాయ సభల్లోకి తెచ్చాయి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఆరువందలకు పైగా పాటలకు బాణీలు కట్టాడు. ఆయన లలిత సంగీతపు నడక వల్ల తిరుపతి సందుల్లో పూలమ్మే ఆడవాళ్లూ వీటిని కూనిరాగం తీయగలిగారు. 2025 మార్చిలో ఆయన తిరుపతిలోనే మరణించాడు. వీళ్ల శ్రమ లేకపోతే రేకులు గ్రంథాలయపు బీరువాలో ఉండిపోయేవి.

అయినా ఈ గౌరవంలో ఒక వెలితి ఉంది. గొబ్బిపాట గౌరవం పొందాలంటే కృతిలా వినిపించాలన్న భావన మన సభల్లో స్థిరపడింది. అన్నమయ్య దాన్ని గొబ్బిపాటగానే గౌరవించాడు. చప్పట్ల లయకు ఆడవాళ్లు గుండ్రంగా తిరిగే పాటకు ఆదితాళంలో కచేరీ రూపం ఇస్తే అందం తగ్గకపోవచ్చు. కానీ దాని పుట్టుక మరుగున పడుతుంది. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు మాడవీధుల్లో నడిచే కోలాటం, చెక్కభజన బృందాల దగ్గర ఆ పుట్టుకకు దగ్గరి చుట్టాలు ఇంకా వినబడుతున్నాయి. పరిశోధకులు వాటిని ఊరేగింపు సందడిగా చూసి దాటిపోవడం కాంబెల్ చేసిన పొరపాటునే మళ్లీ చేయడమవుతుంది.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో సంక్రాంతి గొబ్బిళ్ల చుట్టూ పాడే అవ్వలు ఉన్నారు. జోలపాటలు, దంపుడు పాటలు గుర్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పాటను వరసతో సహా ధ్వనిముద్రించి, అన్నమయ్య గొబ్బి, సువ్వి, జోల పదాల నడకతో పోల్చే పనిని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ, అన్నమాచార్య ప్రాజెక్టు కలిసి చేపట్టాలి. మొదటి రేకులో చెక్కినట్టే, ప్రతి పాట పక్కనా ఊరు, సంవత్సరం, తిథి రాసిపెట్టాలి. ఈ సంక్రాంతికే మొదలుపెట్టవచ్చు.